పాలరాయి పాదాలకు పసుపు

బందరులో మా కొట్టుకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అడిగే మాట ఒకటే. "ఇవన్నీ ఎవరు కొంటారండీ?" అని. కంచు సింహాలు, ముక్కు చెక్కుపోయిన పాలరాయి దొరసానులు, దీపం పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు, ఒక కాలెత్తిన గుర్రాలు చూసి నా మీద జాలిపడి అడుగుతారు. ఎవరో ఒకరు కొనబట్టే కదా నాకు రెండు పూటలా అన్నం దొరుకుతోంది. హైదరాబాదులో హోటళ్ళవాళ్ళు కొంటారు. వైజాగులో రిసార్టులవాళ్ళు కొంటారు. కొత్తగా ఇల్లు కట్టుకుని పాతకాలపు కలిగినవాళ్ళలా కనబడాలనుకునేవాళ్ళు అందరికన్నా ఎక్కువ కొంటారు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ వేలంపాటలకి ఆయనే వెళ్ళేవాడు, నేను కొట్లో కూర్చునేదాన్ని. ఆయన పోయాక రెండూ నేనే చూసుకుంటున్నాను. మొదట్లో ఆడమనిషి లేచి పాట పాడుతుంటే మగవాళ్ళు మీసాల చాటున నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు నేను వెళ్ళేదాకా పాట మొదలుపెట్టరు.

ఈ సరుకు మా వైపు ఎక్కడిదని కూడా అడుగుతారు. ఒకప్పుడు మిల్లులవాళ్ళూ, పెద్ద కమతాలవాళ్ళూ మద్రాసు వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి రైల్లో వేయించుకుని వచ్చేవాళ్ళు. ఒకాయన గుర్రం తెస్తే పక్క ఊరాయన రెండు గుర్రాలు తెచ్చేవాడు. ఇప్పుడా ఇళ్ళు పడగొడుతున్నారు. టేకు తలుపులు ఒకరికి, కడపరాళ్ళు ఒకరికి పోతాయి. బొమ్మలు మాత్రం ఎవరి వాటాకీ చక్కగా రావు. గుర్రాన్ని సగానికి కొయ్యలేరు కదా. పంచుకోలేనిదాన్ని పాట పెట్టి వచ్చిన డబ్బు పంచుకోవడం మా వైపు ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఆ పాటలకే నేను వెళ్తాను.

నాకొక నియమం ఉంది. పూజ అందుకున్న విగ్రహాన్ని నేను పాడను. గుడిలోది ఎలాగూ ఎవరూ ముట్టుకోకూడదు, అది నేరం. ఇంట్లో దేవుడి గదిలో దీపం పెట్టించుకున్నది కూడా నాకు వద్దు. ఇది విని చాలామంది నన్ను పరమ భక్తురాలి కింద జమకట్టేస్తారు. భక్తి కాదు, భయం. అది కూడా దేవుడి భయం కాదు, పోలీసుస్టేషను భయం. మా ఆయన ఒకసారి దివిసీమలో ఒక ఇంట్లో కంచు వేణుగోపాలస్వామిని కొన్నాడు. అది ఫలానా గుడిదేమోనని ఎవరో అర్జీ పడేశారు. ఇంటిదేనని చివరికి తేలింది గానీ, తేలేలోపల మా ఆయన స్టేషను బెంచీ మీద కూర్చుని కూర్చుని నడుంనొప్పి తెచ్చుకున్నాడు. ఆ నొప్పి ఆయనతోనే పోయింది. అప్పటినుంచీ విగ్రహానికి బొట్టు కనబడితే నేను పక్కకి జరుగుతాను. ఈ సంగతి చుట్టుపక్కల వ్యాపారులందరికీ తెలుసు. నేను వదిలేసినదాన్ని వాళ్ళు కూడా వదిలేస్తారు. ఈవిడకి ఏదో తెలిసే మానేసిందని వాళ్ళ అనుమానం.

క్రిందటేడు ఎండలు ముదిరే ముందు గుడివాడకి ఇవతల, కాలవ గట్టున ఉన్న ఒక ఊళ్ళో పాట ఉందని కబురు వచ్చింది. పాత మిల్లు యజమాని ఇల్లు. మిల్లు ఎప్పుడో మూతపడింది, ఇల్లు ఇప్పుడు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి కల్యాణమండపం కడతారట. సామాను తియ్యడానికి వారం గడువిచ్చారు. వాటాదార్లందరూ అన్నదమ్ముల పిల్లలు. వాళ్ళలో పెద్దతను రొయ్యల మేత వ్యాపారం చేస్తాడు, కృత్తివెన్ను వైపు చెరువులు కూడా ఉన్నాయి. పాట జరిపే బాధ్యత అతను నెత్తిన వేసుకున్నాడు.

పాటకి ముందురోజే సరుకు చూసుకోవడం నాకు అలవాటు. మధ్యాహ్నం భోజనం చేసి గుడివాడ బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి ఆ పెద్దతని భార్య వసారాలో కంచు గుర్రాలు రెండింటినీ చింతపండుతో తోమించి ఆరబెట్టింది. పెళ్ళికొడుకుల్లా తళతళలాడుతున్నాయి. కంచు మీద ఏళ్ళ తరబడి పట్టిన ఆ ముదురు రంగుకే పై ఊళ్ళలో ధర. అది పోతే గుర్రమూ గంగాళమూ ఒకటే. ఆవిడ ఎంతో సంబరంగా, "చూడండి, కొత్తవాటిలా లేవూ?" అంది. కొత్తవాటిలానే ఉన్నాయమ్మా, అదే నా బాధ అని మనసులో అనుకుని తలూపాను. మా వైపు ఏ ఇంటికి వెళ్ళినా ఇదే వరస. అమ్మకానికి పెట్టినదాన్ని మురికిగా చూపిస్తే మర్యాద తక్కువని వాళ్ళ ఉద్దేశం.

వసారా ఆ చివర, కాలవ వైపు గోడకి ఆనుకుని ఒక పాలరాయి పిల్ల నిలబడి ఉంది. ఎనిమిదేళ్ళుంటాయేమో. పరికిణీ, జాకెట్టు, ముందుకు వేసుకున్న ఒంటి జడ, కాళ్ళకి పట్టీలు. కుడిచేతిలో బంతిలాంటిదేదో ఉంది. దొరసానుల బొమ్మలు వందల్లో చూశాను గానీ మన పిల్లని ఇలా చెక్కగా చూడటం నాకదే మొదటిసారి. నవ్వు ఆపుకుంటున్నట్టు పెదాలు బిగించి ఉంది. చెక్కినవాడి చెయ్యి గొప్పది. వందేళ్ళు దాటని వస్తువు కనుక పురావస్తు శాఖ రిజిస్ట్రేషన్ల గొడవ లేదు. ఒక్క చెక్కు లేదు, ఒక్క మరక లేదు. చూడగానే దీన్ని వదలకూడదని నిశ్చయించుకున్నాను. వైజాగులో ఒక రిసార్టువాళ్ళు ఈతకొలను పక్కన పెట్టుకోవడానికి పిల్లల బొమ్మలు కావాలని నెల నుంచీ ఫోన్లు చేస్తున్నారు. నా లెక్క అక్కడే కుదిరిపోయింది.

బొమ్మ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. తెల్లటి నేత చీర, చేతిలో బస్సు టిక్కెట్టు ఇంకా మడిచి పట్టుకునే ఉంది. ఆ ఇంటి ఆడపడుచు. మోపిదేవిలో కొడుకు దగ్గర ఉంటుంది. నేను బొమ్మ చుట్టూ తిరిగి, వేలితో తట్టి, వంగి పీఠం చూస్తుంటే నా చేతులకేసే చూస్తూ ఉంది.

"మా అక్కేనమ్మా అది," అంది చివరికి.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎవరి తాత విగ్రహమో, ఎవరి నాయనమ్మ విగ్రహమో బేరం చెయ్యడం నాకు కొత్త కాదు గానీ, తోబుట్టువు పక్కనే కూర్చుని చూస్తుండగా తట్టి చూసింది లేదు. కొంటే ఎక్కడికి తీసుకెళ్తావని అడిగింది. దాచేదేముందని రిసార్టు సంగతి చెప్పాను. ఈతకొలను పక్కన, మంచి పచ్చిక, రోజూ కడుగుతారు అని ఊరించబోయాను.

"నీళ్ళ పక్కనా?" అంది.

అప్పుడు చెప్పింది. ఎదురుగా కనబడుతున్న ఆ కాలవ రేవులోనే వాళ్ళ అక్క జారి మునిగిపోయిందట. చేతిలో ఉన్నది బంతి కాదు, జాంకాయ. ఇంట్లో ఉన్న ఒకే ఒక ఫొటోలో ఆ పిల్ల జాంకాయ పట్టుకుని ఉంది. వాళ్ళ నాన్న ఆ ఫొటోని మద్రాసులో ఎవరి ద్వారానో జైపూరు పంపించి చెక్కించాడు. బొమ్మ గడ్డి చుట్టిన చెక్కపెట్టెలో గుడివాడ స్టేషనుకి వచ్చింది, అక్కడినుంచి ఎడ్లబండి మీద ఇంటికి. పెట్టె విప్పితే ముందు పాదాలు బయటపడ్డాయట. వాళ్ళమ్మ ఆ పాదాలు పట్టుకుని మిగతా గడ్డి తియ్యనివ్వలేదట. ఈవిడకప్పుడు నాలుగేళ్ళు. అక్క ముఖం ఈవిడకి గుర్తులేదు. ఫొటో కూడా తర్వాతెప్పుడో వానకి తడిసి పోయింది. అక్క అంటే ఈవిడకి తెలిసింది ఈ రాయే.

"ఊళ్ళోవాళ్ళు పసుపూ కుంకుమా పట్టుకొచ్చేవాళ్ళమ్మా. మా అమ్మ ఒక్కనాడు కూడా పెట్టనివ్వలేదు. దేవతని చేసేస్తే నా పిల్ల కాకుండా పోతుందనేది."

అయితే మీరే తీసుకోవచ్చు కదా పిన్నిగారూ అన్నాను. అడిగిందట. మేనల్లుడు, అదే ఆ పెద్దతను, చెడ్డవాడేమీ కాదు. ఊరికే ఇస్తే మిగతా వాటాదార్లు తలా ఒకటి ఊరికే కావాలంటారు, నువ్వు పాటలో పాడుకో అత్తా, నీకు ఎవరూ అడ్డు రాకుండా నేను చూస్తాను అన్నాడట. అదీ న్యాయంగానే ఉంది. కానీ ఈవిడ పాడదు.

"తోడబుట్టినదానికి నేను వెల కట్టనా? ఇంతకి ఇస్తావా, అంతకి ఇస్తావా అని మా అక్కని అడగనా?"

పైగా పెట్టుకోవడానికి చోటూ లేదు. మోపిదేవిలో వాళ్ళున్నది మేడమీద అద్దె వాటా. మెట్ల మీదుగా ఈ బరువు ఎక్కదు. ఎక్కించినా చనిపోయిన పిల్ల బొమ్మ ఇంట్లో ఉంటే కోడలు ఒప్పుకోదు. ఈవిడ కోరేదల్లా అక్కని ఎవరూ ఎత్తుకుపోకూడదని. ఇల్లు పడగొడతారు కదా అంటే, గోడ పడగొడితే పడగొట్టనీ, కొన్నవాళ్ళని బతిమాలుకుని ఆవరణలో ఒక మూల ఉంచమంటానంది. నువ్వు కొనకుండా ఉండాలంటే ఏం చెయ్యాలమ్మా అని అడిగింది.

నాకు చిరాకు వేసింది. ఎండన పడి అంత దూరం వస్తే, దొరక్క దొరికిన సరుకు మీద ఇలాంటి మాటలు వినాల్సి వచ్చిందని కోపం. పూజ చేసినవైతే నేను ముట్టనండీ, మిగతావన్నీ నాకు వ్యాపారమే అని కాస్త కటువుగానే అని, బస్సుకి టైమవుతోందని వచ్చేశాను.

మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాను. ముందు ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర మా పని ఒకటి ఉంటుంది. ఎవరు దేనికి పాడాలో వ్యాపారులం మాట్లాడేసుకుంటాం. మందు షాపులవాళ్ళు చేస్తే సిండికేటు అని పేపర్లో వేస్తారు, మేం చేస్తే టీ తాగడం అంటాం. ఆ రోజు బెజవాడ నుంచి ఒకాయన, గుడివాడ పాత ఇనుము ఆయన, నేను. గుర్రాలు బెజవాడ ఆయనకి, చిల్లర సామాను ఇనుము ఆయనకి, పాలరాయి పిల్ల నాకు. ఒకరి సరుకు మీద ఒకరం నోరెత్తకూడదు. ఎవరూ పోటీ లేకపోతే సగం ధరకే వస్తుంది. ధర్మం సంగతి నన్నడగొద్దు. వాటాదార్లు మా కన్నా తక్కువవాళ్ళేం కాదు, గుర్రాల్ని తోమిన చింతపండు కూడా ఖర్చులో రాసుంటారు.

ఇంట్లోకి వెళ్ళేసరికి వసారా చివర జనం మూగి ఉన్నారు. జరిగి చూశాను. పాలరాయి పిల్ల పాదాలకి, పట్టీల దాకా దట్టంగా పసుపు. నుదుట రూపాయంత బొట్టు. మెడలో కనకాంబరాల దండ. ముందు కొట్టిన కొబ్బరికాయ, వెలుగుతున్న కర్పూరం.

చూడగానే తెలిసిపోయింది. పసుపు ఇంకా తడిగా ఉంది. పాలరాయి నూనెనీ రంగునీ మెల్లగా లోపలికి పీల్చుకుంటుంది, పాత మరక అయితే రాయిలో భాగమైపోయి కనబడుతుంది. ఇది అప్పటికి గంట కూడా కాలేదు. తడిగుడ్డతో తుడిస్తే నిమిషంలో పోతుంది. సాయంత్రం దాకా ఉంచితే పోదు. పెద్దతను కంగారుగా అటూ ఇటూ తిరుగుతూ ఎవరు చేశారని అందర్నీ అడుగుతున్నాడు. పెద్దావిడ నిన్నటి కుర్చీలోనే రెండు చేతులూ కొంగులో దాచుకుని కూర్చుంది. కొంగు అంచు పచ్చగా ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోటి మాట పట్టుకుని నా కాళ్ళకే బంధం వేసింది. ఎనభై ఏళ్ళ ముసలావిడ ముందు నా తెలివంతా తెల్లారిపోయింది. ఇది పూజ కాదు, పొద్దున పూసిన పసుపు, నీళ్ళు తెప్పించండి అని నేను ఒక్క మాట అంటే చాలు. అనలేదు. వాళ్ళమ్మ జన్మంతా పెట్టనివ్వని పసుపుని ఈవిడ తన చేత్తో పెట్టింది కదా అనిపించి నోరు రాలేదు. కోపం మాత్రం తగ్గలేదు. అవతలికి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బెజవాడ ఆయన నా ముఖం చూసి, బొట్టు చూసి, "అయితే ఇది మనకి లేనట్టే అక్కా," అన్నాడు. ఇనుము ఆయన కూడా తలాడించాడు.

పాట పాడించే మనిషిని కృత్తివెన్ను నుంచి పిలిపించారు. చేపల చెరువుల లీజు పాటలు జరిపే ఆయన. గొంతు మైకు అక్కర్లేనంత పెద్దది. బొమ్మలకి కూడా చెరువుల భాషే. సరుకు గట్టిగా ఉంది, బరువు చూసుకోండి, తర్వాత తూకం తగ్గిందంటే ఒప్పుకోను అంటూ గుర్రాల్ని బెజవాడ ఆయనకి సగం ధరకి అంటగట్టాడు. గోడ గడియారాలు, ఇత్తడి గంగాళాలు, భోషాణం పోయాయి. చివరికి పాలరాయి పిల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన కూడా చెప్పులు విప్పేసి దణ్ణం పెట్టుకుని, గొంతు కాస్త తగ్గించి పిలిచాడు.

ఒకటోసారి అన్నాడు. ఎవరూ పలకలేదు. రెండోసారి. వాటాదార్లందరూ నా వైపు చూశారు. నేను కాలవ వైపు చూశాను. మూడోసారి కూడా అనేశాడు. పాట లేదు, అయిపోయింది. పెద్దావిడ కళ్ళు మూసుకుంది. ఒక్క క్షణం ఆ ముఖంలో నవ్వులాంటిది కనబడింది. రాతి పిల్ల నవ్వు ఆపుకుంటున్నది అచ్చం అలాగే.

తర్వాత ఏమవుతుందో ఆవిడ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

ఇల్లు కొన్నవాళ్ళ తరఫు మనిషి అక్కడే ఉన్నాడు. పూజ చేసిన విగ్రహాన్ని ఆవరణలో ఉంచుకుని రోజూ నైవేద్యం ఎవరు పెడతారు, మాకొద్దని అతను ముందే చేతులెత్తేశాడు. పెద్దతను పక్కకి వెళ్ళి పురోహితుడికి ఫోన్ చేసి వచ్చాడు. మా వైపు ఆనవాయితీ అందరికీ తెలిసిందే. పూజ అందుకున్న విగ్రహానికి దిక్కులేకపోతే, భిన్నమైనా, అందరూ వద్దన్నా, పారే నీళ్ళలో కలిపేస్తారు. చవితి బొమ్మల్నీ, పగిలిన దేవుడి పటాల్నీ చేసినట్టే. అప్పుడు దోషం ఉండదు. అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ఎదురుగానే కాలవ ఉంది, ట్రాక్టరు పిలిపిస్తాను, భోజనాల లోపు అయిపోతుంది అన్నాడు. మిగతా వాటాదార్లు కూడా సరేనన్నారు. ఎవరి సొమ్మూ పోలేదు, ఎవరికీ పాపం రాలేదు. అతను ఈతరం మనిషి. ఇంట్లో ఒక పిల్ల చిన్నప్పుడే పోయిందని విన్నాడు గానీ ఎక్కడ పోయిందో అతనికి తెలియదు.

పెద్దావిడ లేచి నిలబడింది. కొంగులోంచి చేతులు బయటికి వచ్చాయి. వేళ్ళన్నీ పసుపు.

"కాలవలోకి వద్దురా," అంది. "దానికి ఈత రాదు."

చెరువుల పాట ఆయన తల దించుకున్నాడు. పెద్దతను ఆ చేతులు చూశాడు, పాదాల పసుపు చూశాడు, అప్పటికి అర్థమైంది. నాకు ఏడుపు వచ్చింది. వేలంపాటలో ఏడవడం లాభం కాదు కాబట్టి లేచి చెయ్యెత్తాను.

పాట అయిపోయింది కదండీ అన్నాడు చెరువుల ఆయన. మళ్ళీ పెట్టమన్నాను. బెజవాడ ఆయన నా చీర చెంగు లాగినంత పని చేశాడు. "పూజ చేసినవి ముట్టనన్నావుగా అక్కా, నీ నియమం ఏమైంది?"

"దేవతకి చేస్తే పూజ," అన్నాను. "అక్కకి చేస్తే ముస్తాబు. ఆవిడ అక్క అంటోంది కదా, వినబడలేదా?"

ఈ మాట అందరికీ నచ్చింది. ముఖ్యంగా పెద్దతనికి నచ్చింది, దోషమూ పోయింది, డబ్బూ వస్తోంది. నేను సగం ధర చెప్పలేదు. రిసార్టువాళ్ళకి అమ్మితే నాకెంత వస్తుందో అంతా చెప్పాను. ఎందుకో ఆవిడ ముందు తక్కువ చెప్పడానికి మనసు రాలేదు. ఇనుము ఆయన నాకు తిక్క అని తేల్చేశాడు. పాట ఆయన ఒకటి, రెండు, మూడు అని గబగబా కొట్టేశాడు, నేను మనసు మార్చుకుంటానేమోనని.

మినీ వ్యాన్‌లో గడ్డి పరిచి ఎక్కిస్తుంటే పెద్దావిడ దగ్గరికి వచ్చింది. క్షమించమనలేదు, దణ్ణం పెట్టలేదు. "మంచి ధరే పలికింది మా అక్క," అంది గర్వంగా. వైజాగు పంపిస్తావా అని మాత్రం అడగలేదు. ఆ అడగకపోవడం నన్ను బందరు దాకా వెంటాడింది.

కొట్టుకి వచ్చేసరికి సాయంత్రమైంది. బొట్టు తుడిస్తే పోయింది. పాదాల పసుపు పోలేదు. పట్టీల నొక్కుల్లో, వేళ్ళ సందుల్లో దిగిపోయింది. రిసార్టు మేనేజరుకి ఫొటో పంపిస్తే బొమ్మ అద్భుతం అన్నాడు, పాదాల దగ్గర పసుప్పచ్చ ఏమిటన్నాడు. మరక పోయాక పంపండి మేడమ్, వెంటనే డబ్బు వేస్తాం అన్నాడు.

మరక పోగొట్టడం పెద్ద విద్య కాదు. పసుపు ఎండకి నిలవదు. చీర మీద పసుపు పడితే ఉతికి దండెం మీద ఎండలో వేస్తాం, నాలుగు రోజులకి ఆనవాలుండదు. ఇది తెలియని ఆడది మా వైపు పుట్టలేదు. మా కొట్టు ముందు ఎండ పొద్దున్నించి సాయంత్రం దాకా పడుతూనే ఉంటుంది. రాయి కనుక కాస్త ఆలస్యమైనా, బయట నిలబెడితే ఆ వేసవిలోనే తెల్లబడిపోయేది.

నేను దాన్ని లోపలి గదిలో పెట్టించాను. అక్కడ పడమటి వైపు ఒక కిటికీ ఉంది. దానికి గోనెపట్టా కొట్టించాను. పనివాళ్ళు గాలి ఆడదండీ అన్నారు. బొమ్మలకి గాలెందుకన్నాను. మేనేజరు మొదట్లో వారానికోసారి, తర్వాత నెలకోసారి ఫోన్ చేసేవాడు. ఇంకా పోలేదండీ అని చెబుతున్నాను. అందులో అబద్ధం లేదు.

పెద్దావిడ కళ్ళ డాక్టరు కోసం బందరు వచ్చినప్పుడల్లా మా కొట్టుకి వస్తుంది. మోపిదేవి నుంచి బస్సు, స్టాండు నుంచి ఆటో. లోపలి గదిలో స్టూలు మీద కూర్చుంటుంది. నేను నా పనిలో ఉంటాను. పోయిన నెల వచ్చినప్పుడు వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ హోటలువాళ్ళు మళ్ళీ అడిగారా?"

"అడిగారండీ. మరక పోలేదని చెప్పాను."

ఆవిడ వెనక్కి తిరిగి గదంతా చూసింది. పాదాల్ని చూసింది, తర్వాత కిటికీకి కొట్టిన గోనెపట్టాని చూసింది. డెబ్భై ఏళ్ళకి పైగా చీరలు ఎండలో ఆరేసిన మనిషి. ఆవిడకి చెప్పాలా?

"ఇక్కడికి ఎండ రాదేమో కదమ్మా," అంది.

"రాదు పిన్నిగారూ," అన్నాను.

ఆవిడ గోనెపట్టా దగ్గరికి వెళ్ళి, ఊడిపోయిన ఒక మూలని మేకు కిందకి గట్టిగా దోపి, బస్సుకి టైమవుతోందని వెళ్ళిపోయింది.